శాంటా వస్తాడని షేర్లు కొనొచ్చా?

మదుపు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఏడాది చివర మార్కెట్ తీరు గురించి, పన్ను కోసం అమ్మకాల గురించి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకేలాంటి ప్రశ్నల్ని కలిపి జవాబులిస్తున్నాం.

డిసెంబరు చివరి వారంలో మార్కెట్ పెరుగుతుందని, దాన్ని శాంటాక్లాజ్ ర్యాలీ అంటారని టీవీలో చెబుతున్నారు. నిఫ్టీలో ఉన్న పెద్ద కంపెనీల షేర్లు లక్ష రూపాయలకు ఇప్పుడు కొని, జనవరి మొదటి వారంలో అమ్మేద్దామనుకుంటున్నాను. సరైన ఆలోచనేనా?
— ఒక పాఠకుడు, విజయవాడ

ముందు ఆ పేరు దేనికి పెట్టారో చూద్దాం. 1972లో అమెరికాలో యేల్ హర్ష్ అనే మార్కెట్ విశ్లేషకుడు పెట్టిన పేరిది. ఆయన లెక్కలో ఇది డిసెంబరు నెలంతా కాదు, క్రిస్మస్ వారమూ కాదు. ఏడాదిలోని చివరి అయిదు ట్రేడింగ్ రోజులు, కొత్త ఏడాది మొదటి రెండు రోజులు, మొత్తం ఏడు రోజులు మాత్రమే. 2025-26లో న్యూయార్క్‌లో ఆ ఏడు రోజులు డిసెంబరు 24, 26, 29, 30, 31, జనవరి 2, 5. కొలిచేది అమెరికా పెద్ద కంపెనీల సూచీ ఎస్ అండ్ పీ 500ని. మన చానళ్లు మాత్రం డిసెంబరు మొదటి తారీకు నుంచే నిఫ్టీకి ఈ పేరు తగిలిస్తున్నాయి.

అమెరికా వరకు ఆ లెక్కలో నిజముంది. 1950 నుంచి చూస్తే ఆ ఏడు రోజుల్లో ఎస్ అండ్ పీ సగటున 1.3 శాతం దాకా పెరిగింది. నాలుగింట మూడుసార్లకు పైగా లాభంతోనే ముగిసింది. మామూలుగా ఏ ఏడు రోజులు తీసుకున్నా వచ్చే సగటు కంటే ఇది బాగా ఎక్కువే. కారణాలుగా చాలా చెబుతారు: పన్ను కోసం నష్టాల షేర్లు అమ్మేవాళ్ల ఒత్తిడి అప్పటికి తగ్గడం, పెద్ద సంస్థల ట్రేడర్లు సెలవులో ఉండటం, బోనస్ డబ్బులు చేతికి రావడం, జనవరిలో కొత్త పింఛను సొమ్ము ఫండ్లలోకి వస్తుందన్న ఆశ. వీటిలో దేని వాటా ఎంతో ఎవరూ తూచి చెప్పలేరు.

అయితే సగటు వేరు, మీ లక్ష పెట్టిన ఆ ఒక్క ఏడాది వేరు. 2023-24లోనూ, 2024-25లోనూ ఈ ఏడు రోజుల్లో సూచీ నష్టపోయింది. శాంటా రాకపోతే వచ్చే ఏడాది బాగుండదని కూడా ఒక మాట ఉంది కదా, 2024 దాన్ని తలకిందులు చేసింది. ఆ ఏడాది ఎస్ అండ్ పీ 23 శాతం పెరిగింది. ఇంకో కొసన 2008-09 ఉంది. ఆ ఏడు రోజుల్లో సూచీ 7 శాతానికి పైగా ఎగిసింది, సంబరం తీరకముందే పడిపోయి మార్చి 9న 676 దగ్గర అట్టడుగును తాకింది. 2018ది మరీ విచిత్రం. ఏడు రోజుల్లో మొదటిదైన డిసెంబరు 24న సగం పూట ట్రేడింగ్‌లోనే 2.7 శాతం పడింది. సెలవు తర్వాత 26న అమెరికాదే ఇంకో సూచీ డౌజోన్స్ ఒక్కరోజులో 1,086 పాయింట్లు పెరిగింది. 24న భయపడి అమ్మినవాళ్ల పుస్తకాల్లో ఆ ర్యాలీ లేనే లేదు.

ఇప్పుడు మన నిఫ్టీ. 2015 నుంచి 2024 దాకా పది డిసెంబర్లు వరసగా ఇవీ, శాతాల్లో: 2015లో 0.1 పెరిగింది, 2016లో 0.5 తగ్గింది, 2017లో 3 పెరిగింది, 2018లో 0.1 తగ్గింది, 2019లో 0.9, 2020లో 7.8, 2021లో 2.2 పెరిగింది, 2022లో 3.5 తగ్గింది, 2023లో 7.9 పెరిగింది, 2024లో 2 తగ్గింది. ఆరు లాభాలు, నాలుగు నష్టాలు. సగటు నెలకు 1.6 శాతం. ఇంతవరకే చూపిస్తే "డిసెంబరు మంచి నెల" అని ఎవరైనా రాసేయొచ్చు. 2020, 2023 తీసేసి మిగిలిన ఎనిమిదింటికి సగటు కట్టండి. దాదాపు సున్నా వస్తుంది.

ఆ రెండు డిసెంబర్లూ క్యాలెండర్ వల్ల పెరిగినవి కావు. 2020 నవంబరులో కోవిడ్ టీకా ఫలితాలు వచ్చాక విదేశీ మదుపరులు డిసెంబరు ఒక్క నెలలో రూ.60 వేల కోట్లకు పైగా మన షేర్లలో పెట్టారు. 2023 డిసెంబరు 3న తెలంగాణతో సహా నాలుగు రాష్ట్రాల ఓట్ల లెక్కింపు జరిగింది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్ ఫలితాలు చూసి మర్నాడే నిఫ్టీ 2 శాతం ఎగిసింది. 13న అమెరికా ఫెడరల్ రిజర్వు వడ్డీ రేట్లు తగ్గిస్తామన్న సూచన ఇచ్చింది. విదేశీ పెట్టుబడి ఆ నెలలోనూ రూ.60 వేల కోట్లు దాటింది. ఇలాంటివి ఏ నెలలో వస్తాయో ముందే తెలిసే పనైతే శాంటాతో అవసరమే ఉండదు.

ఖర్చులూ చూసుకోండి. అమెరికా సగటే మనకూ వస్తుందనుకుందాం. లక్ష మీద రూ.1,300. కొన్నప్పుడూ అమ్మినప్పుడూ ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీ పన్ను) 0.1 శాతం చొప్పున రూ.200, కొనుగోలుపై స్టాంపు డ్యూటీ రూ.15, ఎక్స్చేంజి రుసుములు, జీఎస్‌టీ కొద్దిగా, అమ్మేటప్పుడు డీపీ చార్జీ (షేర్లుండే డీమ్యాట్ ఖాతాలోంచి వాటిని తీసినందుకు రుసుము) ఒక్కో కంపెనీకి రూ.15-20. బ్రోకరేజీ లేదనుకున్నా ఒకే కంపెనీ షేరుకు రూ.240 దాకా పోతుంది. అయిదు కంపెనీలైతే డీపీ చార్జీ అయిదుసార్లు పడుతుంది. మిగిలిన దాని మీద స్వల్పకాలిక మూలధన లాభాల పన్ను 20 శాతం, సెస్సుతో 20.8. లాభం నుంచి ఎస్‌టీటీని మినహాయించుకోనివ్వరు కాబట్టి పన్ను రూ.260 అవుతుంది. చేతికొచ్చేది రూ.800. సగటు ఏడాదిలో ఇంత. 2022 లాంటి డిసెంబరు తగిలితే లక్షకు మూడున్నర వేలు పోతుంది, పైగా ఖర్చులు. ఈ బేరం మేం చేయం. అయిదారేళ్లు ఉంచుకునే ఉద్దేశంతో కొంటున్నారా, డిసెంబరులోనే కొనండి, అభ్యంతరం లేదు.

చిన్న కంపెనీల షేర్లు జనవరిలో బాగా పెరుగుతాయని, అది "జనవరి ఎఫెక్ట్" అని చదివాను. మన స్మాల్‌క్యాప్‌లకు వర్తిస్తుందా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

పుట్టిన చోట దీనికి గట్టి కారణం ఉంది. అమెరికాలో వ్యక్తులకు పన్ను ఏడాది డిసెంబరు 31తో ముగుస్తుంది. నష్టంలో ఉన్న షేర్లు ఆలోపు అమ్మితే ఆ నష్టాన్ని లాభాల్లోంచి తీసేసుకోవచ్చు. చిన్న కంపెనీల్లో వ్యక్తుల వాటా ఎక్కువ, రోజువారీ చేతులు మారే షేర్లు తక్కువ. కొద్దిపాటి అమ్మకానికే ధర జారుతుంది. జనవరిలో ఆ ఒత్తిడి పోగానే తేరుకుంటుంది. 1942లోనే సిడ్నీ వాక్టెల్ దీని గురించి రాశారు. 1983లో డొనాల్డ్ కీమ్ చిన్న కంపెనీల అదనపు లాభంలో పెద్ద భాగం జనవరిలోనే, అందులోనూ మొదటి కొద్ది రోజుల్లోనే వస్తోందని చూపించారు. ఆ సంగతి అందరికీ తెలిశాక జనవరి కోసం డిసెంబరులోనే కొనడం మొదలైంది, ప్రభావం పలచబడింది. పైగా అక్కడి మ్యూచువల్ ఫండ్లు చాలావరకు పన్ను లెక్కల్ని అక్టోబరు 31కే ముగిస్తాయి, పింఛను ఖాతాలకు ఈ పన్ను గొడవే లేదు. డిసెంబరులో తప్పనిసరిగా అమ్మేవాళ్లు అప్పటంత మంది ఇప్పుడు లేరు.

మన పన్ను ఏడాది మార్చి 31తో ముగుస్తుంది. కారణం లేని చోట ఫలితాన్ని ఎలా ఆశిస్తాం? స్మాల్‌క్యాప్ సంగతి ఎలా ఉన్నా నిఫ్టీ 2019 నుంచి 2025 దాకా ఏడు జనవరుల్లోనూ ఎంతో కొంత నష్టంతోనే ముగిసింది. 2024లో అయితే అయిదారు పాయింట్ల తేడాతో. దీన్ని చూసి "జనవరిలో అమ్మాలి" అని సూత్రం రాసుకోకండి. అంతకుముందు 2017, 2018 జనవరుల్లో నిఫ్టీ నాలుగున్నర శాతానికి పైగా పెరిగింది.

పన్ను కారణమే నిజమైతే మన దగ్గర మార్చిలో ఒత్తిడి, ఏప్రిల్‌లో ఊరట కనబడాలి. 2016 నుంచి 2025 దాకా పది ఏప్రిల్ నెలల్లో ఎనిమిదింట నిఫ్టీ పెరిగింది, 2021, 2022లో తగ్గింది. ఊరించే లెక్కే. కానీ ఇందులో 2020 ఏప్రిల్ 14.7 శాతం ఉంది, అది కోవిడ్ పతనం నుంచి తేరుకోవడం. దాన్ని తీసేసినా సగటు 1.8 శాతం మిగులుతుంది, అంటే డిసెంబరు కంటే దీనికి బలం ఎక్కువే. అయినా పది గింజలు చూసి పంట అంచనా కట్టలేం. మార్చి నెలాఖరులో ఎలాగూ కొనాలనుకున్న షేరుంటే ఏప్రిల్ కోసం ఆగాల్సిన పని లేదని మాత్రం చెప్పగలం.

ఏడాది చివర ఫండ్ మేనేజర్లు మంచి షేర్లు కొని పోర్ట్‌ఫోలియోకు రంగులద్దుతారన్న మాట గురించి ఇంకొకరు రాశారు. మన మ్యూచువల్ ఫండ్లు ప్రతి నెలా, నెల ముగిసిన పది రోజుల్లో తమ షేర్ల జాబితా బయటపెట్టాలి. ఒక్క డిసెంబరులో ముస్తాబైతే ఏం లాభం?

విశ్రాంత ఉపాధ్యాయినిని. కొన్ని షేర్లు బాగా లాభంలో, రెండు నష్టంలో ఉన్నాయి. పన్ను తగ్గేలా అమ్మి మళ్లీ కొనుక్కోమని మా అబ్బాయి అంటున్నాడు. పోయిన మార్చిలో అలాగే చేస్తే బ్రోకర్ పన్ను నివేదికలో దీర్ఘకాలిక లాభం చూపనే లేదు. ఎక్కడ తేడా వచ్చింది?
— ఒక పాఠకురాలు, తిరుపతి

మీరు ఒకే రోజు అమ్మి, అదే రోజు కొని ఉంటారండీ. ఒక రోజులో ఒకే షేరును అమ్మి కొంటే రెండూ చెల్లుకు చెల్లు అయి ఇంట్రాడే లావాదేవీ అవుతుంది. డీమ్యాట్‌లోంచి షేరు కదలదు, పాత కొనుగోలు ధర అలాగే ఉంటుంది. ఆ రోజు అమ్మిన ధరకూ కొన్న ధరకూ మధ్య వచ్చిన రూపాయో రెండో స్పెక్యులేషన్ వ్యాపార ఆదాయం కిందికి పోతుంది. అందుకే నివేదికలో దీర్ఘకాలిక లాభం లేదు.

సరైన పద్ధతులు రెండు. ఇవాళ అమ్మి రేపు కొనడం మొదటిది. రాత్రికి రాత్రి ధర పెరిగితే ఆ తేడా మీరే భరించాలి. చేతిలో డబ్బుంటే రెండోదే మేలు: ఇవాళ కొత్తగా కొని, మర్నాడు అన్నే షేర్లు అమ్మడం. డీమ్యాట్‌లో ముందు వచ్చినవే ముందు వెళ్లినట్టు లెక్క కాబట్టి అమ్ముడుపోయినవి పాత షేర్లే అవుతాయి. షేరు ఒక్కరోజు కూడా చేయి జారదు. అమ్మి వెంటనే కొంటే నష్టం చెల్లదనే అమెరికా తరహా నిబంధన మన చట్టంలో మామూలు షేర్లకు లేదు.

ఇక లెక్క. ఏడాదికి పైగా ఉంచుకున్న షేర్లు, ఈక్విటీ ఫండ్ల మీద దీర్ఘకాలిక లాభం ఆర్థిక సంవత్సరానికి రూ.1.25 లక్షల దాకా పన్ను లేదు. పైన 12.5 శాతం. రూ.4 లక్షలకు కొన్నవి ఇప్పుడు రూ.5.2 లక్షలున్నాయనుకోండి. అమ్మితే లాభం రూ.1.2 లక్షలు, పన్ను సున్నా. మళ్లీ కొంటే మీ కొనుగోలు ధర రూ.5.2 లక్షలవుతుంది. ఏటా ఇలా చేస్తే గరిష్ఠంగా ఆదా అయ్యేది రూ.15,625, సెస్సు కలిపి రూ.16,250. అమ్మి కొన్నందుకు ఎస్‌టీటీ రూ.1,040, స్టాంపు డ్యూటీ రూ.78, ఇతర రుసుములు కొద్దిగా పడతాయి. అదే ఈక్విటీ ఫండ్ యూనిట్లయితే ఎస్‌టీటీ 0.001 శాతం, స్టాంపు డ్యూటీ 0.005 శాతమే, అంటే మొత్తం ముప్ఫై రూపాయలకు అటూ ఇటూ. ఈ పని ముందు ఫండ్లలో చేసి, చాలకపోతేనే షేర్ల జోలికి వెళ్లండి. మళ్లీ కొన్నాక ఏడాది గడువు కొత్తగా మొదలవుతుంది. ఆలోపు డబ్బు అవసరపడి అమ్మితే, అప్పుడొచ్చిన లాభం మీద 20 శాతం.

నష్టాల షేర్ల దగ్గర చాలామంది బోల్తా పడతారు. మీ దీర్ఘకాలిక లాభం రూ.1.1 లక్షలే ఉందనుకుందాం. దాని మీద ఎలాగూ పన్ను లేదు. ఇంకా తగ్గిద్దామని రూ.60 వేల నష్టం ఉన్న షేరును ఇదే ఏడాది అమ్మారు. రిటర్నులో ఆ నష్టం ముందు ఆ లాభంలోంచే పోతుంది, రూ.1.25 లక్షల మినహాయింపు ఆ తర్వాతే వస్తుంది. పన్ను ముందూ సున్నాయే, తర్వాతా సున్నాయే. రూ.60 వేల నష్టం మాత్రం ఖర్చయిపోయింది. ఆ షేరును ఏప్రిల్‌లో అమ్మి ఉంటే పైయేడు అక్కరకొచ్చేది. స్వల్పకాలిక నష్టాన్ని రెండు రకాల లాభాల్లోంచీ తీసుకోవచ్చు, దీర్ఘకాలిక నష్టాన్ని దీర్ఘకాలిక లాభంలోంచే. మిగిలితే ఎనిమిదేళ్లు ముందుకు తీసుకెళ్లొచ్చు, రిటర్ను గడువులోపు వేస్తేనే.

తేదీ విషయం జాగ్రత్త. 2026 మార్చి 31 మహావీర్ జయంతి, మార్కెట్‌కు సెలవు. 26న శ్రీరామనవమి, అదీ సెలవే. 2025-26 ఆర్థిక సంవత్సరంలో చివరి ట్రేడింగ్ రోజు మార్చి 30, సోమవారం. రెండో పద్ధతిలో చేస్తే 27న కొని 30న అమ్మాలి. ఫండ్లయితే 30న మధ్యాహ్నం 3 గంటల్లోపు విమోచన (యూనిట్లు అమ్మే) అర్జీ పడాలి. ఆ రోజు బ్రోకర్ల యాప్‌లు మొరాయించడం కొత్తేమీ కాదు, కాబట్టి మార్చి మూడో వారంలోనే ముగించుకోండి.

అమెరికాలో ఉద్యోగం. కంపెనీ ఇచ్చిన షేర్లు 100, ఒక్కోటి 200 డాలర్ల లెక్కన వచ్చినవి, ఇప్పుడు 150కి పడిపోయాయి. డిసెంబరు 10న అమ్మి నష్టం చూపిస్తే చాలా? మూడు నెలలకోసారి కొత్త ఆర్‌ఎస్‌యూలు (కంపెనీ ఉద్యోగులకిచ్చే షేర్లు) వెస్ట్ అవుతుంటాయి (చేతికొస్తుంటాయి), నవంబరు 15న 25 వచ్చాయి.
— ఒక పాఠకుడు, డాలస్

మీ ప్రశ్నలో చివరి ముక్కే అసలు చిక్కు. అమెరికాలో వాష్ సేల్ నిబంధన ఉంది. నష్టానికి అమ్మిన రోజుకు 30 రోజులు ముందు గానీ 30 రోజులు తర్వాత గానీ అదే షేరు మీ చేతికి వస్తే, అన్ని షేర్ల మేర నష్టాన్ని ఒప్పుకోరు. అమ్మిన రోజుతో కలిపి 61 రోజుల కిటికీ ఇది. కొనడం అంటే డబ్బిచ్చి కొనడమే అనుకుంటారు. ఆర్‌ఎస్‌యూ వెస్ట్ అవడం, ఉద్యోగుల కొనుగోలు పథకంలో షేర్లు రావడం, డివిడెండ్ దానంతటదే షేర్లుగా మారడం అన్నీ ఇందులోకి వస్తాయి.

మీ లెక్క ఇలా ఉంటుంది. మొత్తం నష్టం 5,000 డాలర్లు. నవంబరు 15 నుంచి డిసెంబరు 10కి 25 రోజులే. ఆ 25 షేర్లు ఇంకా మీ దగ్గరే ఉంటే 25 షేర్ల నష్టం, అంటే 1,250 డాలర్లు ఇప్పుడు చెల్లదు. అది పోదు, ఆ 25 షేర్ల కొనుగోలు ధరకు కలుస్తుంది. మిగిలిన 3,750 డాలర్లు ఈ ఏడాది మూలధన లాభాల్లోంచి తీసుకోవచ్చు. లాభాలేవీ లేకపోతే జీతం వంటి ఆదాయంలోంచి ఏడాదికి 3,000 దాకా, మిగతా 750 వచ్చే ఏడాదికి. డిసెంబరు 16 దాకా ఆగి అమ్మితే నవంబరు వెస్టింగ్ కిటికీ దాటిపోతుంది. కానీ చాలా కంపెనీలు త్రైమాసికం ముగిసే ముందు ఉద్యోగుల ట్రేడింగ్ విండో మూసేస్తాయి. మీ కంపెనీలో ఏ తేదీనో ముందే కనుక్కోండి.

డిసెంబరు 16న అమ్మితే జనవరి 15 దాకా కొనకూడదు. మీ ఐఆర్‌ఏ (అమెరికా పింఛను పొదుపు) ఖాతాలో కొన్నా, మీ భార్య ఖాతాలో కొన్నా నిబంధన తగులుతుంది. ఐఆర్‌ఏలో కొంటే మరీ దారుణం, ఆ నష్టం ఏ కొనుగోలు ధరకూ కలవకుండా శాశ్వతంగా పోతుంది. బ్రోకర్ పంపే 1099-బి (అమ్మకాల పన్ను వివరాల) కాగితం ఒకే ఖాతాలోని వాష్ సేల్‌నే పట్టుకుంటుంది. ఖాతాల మధ్య జరిగినవి మీరే చూసుకోవాలి. ఈ ఏడాది లెక్కలోకి రావాలంటే ట్రేడ్ డిసెంబరు 31 లోపు జరిగితే చాలు, సెటిల్మెంట్ జనవరిలో అయినా ఫర్వాలేదు.

ఇండియాలో డీమ్యాట్ ఉంటే ఇంకొక్క మాట. పైన తిరుపతి పాఠకురాలికి చెప్పిన "ఇవాళ కొని రేపు అమ్మే" పద్ధతిని నష్టాల షేర్లకు మీరు వాడకండి. భారతీయ షేర్లయినా అమెరికా రిటర్నులో అది వాష్ సేలే. లాభాల షేర్లకు వాడితే ఇండియాలో పన్ను తప్పుతుంది గానీ అమెరికాలో ఆ లాభం మీద పన్ను కట్టాలి.

హైదరాబాద్‌లో పనిచేస్తున్నాను. మా మాతృసంస్థ అమెరికాది, ఆర్‌ఎస్‌యూలు ఇస్తుంది. మన రిటర్ను మార్చి లెక్క కదా, డిసెంబరులో నేను చేయాల్సిందేమైనా ఉందా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

ఉంది. మన రిటర్నులో విదేశీ ఆస్తుల వివరాలిచ్చే షెడ్యూల్ ఎఫ్ఏకి మాత్రం క్యాలెండర్ సంవత్సరమే లెక్క. 2026లో వేసే రిటర్నులో 2025 జనవరి 1 నుంచి డిసెంబరు 31 దాకా చూపాలి: ఆ మధ్య మీ దగ్గరున్న షేర్ల మొదటి విలువ, ఏడాదిలో గరిష్ఠ విలువ, డిసెంబరు 31 నాటి విలువ, డివిడెండు, అమ్మగా వచ్చిన సొమ్ము. డాలర్లను స్టేట్ బ్యాంక్ టీటీ కొనుగోలు రేటుతో (బ్యాంకు డాలర్లు కొనే రేటు) రూపాయల్లోకి మార్చాలి. జనవరి రెండో వారంలో అమెరికా బ్రోకర్ దగ్గర ఏడాది స్టేట్‌మెంట్ దించుకోండి. ఉద్యోగం మారితే ఆ లాగిన్ వెతుక్కోవడం పెద్ద పని.

చూపకపోతే నల్లధన చట్టం కింద ఏడాదికి రూ.10 లక్షల జరిమానా వేయొచ్చు. 2024 అక్టోబరు నుంచి స్థిరాస్తి కాని విదేశీ ఆస్తుల మొత్తం రూ.20 లక్షలు మించకపోతే ఆ జరిమానా నుంచి సడలింపు ఉంది. చూపాల్సిన బాధ్యత మాత్రం అలాగే ఉంది. ఈ షేర్లు 24 నెలలు దాటాకే దీర్ఘకాలికం, పన్ను 12.5 శాతం, రూ.1.25 లక్షల మినహాయింపు వీటికి రాదు.

క్రిస్మస్ సెలవుల్లో మార్కెట్ కదలదు, కాబట్టి నిఫ్టీ ఆప్షన్లు (ముందే కుదిర్చిన ధరకు సూచీని కొనే లేదా అమ్మే హక్కునిచ్చే ఒప్పందాలు) అమ్మితే ప్రీమియం (వాటి ధర) ఊరికే కరిగి చేతికొస్తుందని ఒక మిత్రుడి సలహా. నిజమా?
— ఒక పాఠకుడు, నెల్లూరు

25న సెలవని మీకూ మీ మిత్రుడికీ తెలిసినట్టే ఎదుట కొనేవాడికీ తెలుసు. గడువు దగ్గరపడేకొద్దీ కరిగే విలువలో సెలవు రోజుల వాటాను ముందే తీసేసి ధర కడతారు. 24 మధ్యాహ్నానికే ప్రీమియం పలచగా ఉంటుంది. కరగడానికి మిగిలింది తక్కువ, మోసే ముప్పు మాత్రం మామూలే.

కదలదన్న మాట ఎంతవరకు నిజం? లావాదేవీల పరిమాణం తగ్గే మాట వాస్తవం, విదేశీ డెస్కులు చాలావరకు ఖాళీగా ఉంటాయి. దాని వల్ల రెండు జరుగుతాయి. చాలా రోజులు సూచీ నిద్రపోతుంది. ఏదైనా వార్త వస్తే మాత్రం ఎదుట ఆర్డర్లు లేక పెద్ద అంగ వేస్తుంది, పైన చెప్పిన 2018 డిసెంబరు 24, 26 లాగా. 2025 డిసెంబరు నెల కాంట్రాక్టు గడువు 30వ తేదీ మంగళవారం. ఆ కాంట్రాక్టులో లాట్ (ఒకేసారి కొని అమ్మే కనీస పరిమాణం) 75. నిఫ్టీ 26 వేల దగ్గర ఒక్క శాతం కదిలితే 260 పాయింట్లు, లోతైన ఇన్‌ద మనీలోకి (కొన్నవాడికి బాగా లాభమయ్యే వైపు) వెళ్లిన ఆప్షన్ మీద లాట్‌కు రూ.19,500 దాకా. దూరంగా ఉన్న స్ట్రైక్ (ఒప్పందంలో కుదిరిన ధర) అమ్మి వచ్చే ప్రీమియం లాట్‌కు ఎన్ని వందలో చూసి పక్కపక్కన పెట్టుకోండి. కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య తేడా ఆ రోజుల్లో పెరుగుతుంది కాబట్టి బయటపడటానికీ ఎక్కువ చెల్లించాలి. 2021-22 నుంచి మూడేళ్ల లెక్క తీసి, ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే చెప్పింది. మీ మిత్రుడు మిగతా ఏడు శాతంలో ఉన్నాడేమో, ఆయన కాంట్రాక్ట్ నోట్లు చూపించమనండి.

దీపావళి ముహూరత్ ట్రేడింగ్‌లో కొంటే లాభమేనా? మా వాళ్లంతా తప్పకుండా కొంటారు.
— ఒక పాఠకుడు, గుంటూరు

శకునం కోసమైతే ఒకటి రెండు షేర్లు కొనండి, తప్పేం లేదు. బొంబాయి స్టాక్ ఎక్స్చేంజిలో 1957 నుంచి ఉన్న ఆనవాయితీ అది. ఉండేది గంటే. 2025లో అక్టోబరు 21న సాయంత్రం కాకుండా మధ్యాహ్నం 1.45 నుంచి 2.45 దాకా పెట్టారు, వేళ తెలియక తప్పిపోయినవాళ్లు చాలామంది ఉండి ఉంటారు. ఆ గంటలో అందరూ కొనేవాళ్లే, అమ్మేవాళ్లు తక్కువ. మొదటి పది నిమిషాల్లో చిన్న కంపెనీల ధరలు తేలిగ్గా పైకి పోతాయి. మార్కెట్ ఆర్డర్ (దొరికిన ధరకు కొనేది) పెట్టకుండా లిమిట్ ఆర్డర్ (మీరు చెప్పిన ధర దాటకుండా కొనేది) పెట్టుకోండి.

నా సిప్ (ఫండ్‌లో నెలవారీ వాయిదా) ప్రతి నెలా 25న. డిసెంబరు 25 సెలవు కదా, ఆ నెల వాయిదా పోయినట్టేనా? సంక్రాంతి దాకా ఆపి, తగ్గాక మొదలుపెట్టమంటారా?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

పోదు. సెలవు వస్తే తర్వాతి పనిదినాన తీసుకుంటారు, 2025లో అది 26 శుక్రవారం. డబ్బు ఫండ్ ఖాతాకు చేరిన రోజు ఎన్‌ఏవీనే (యూనిట్ విలువే) వర్తిస్తుంది కాబట్టి బ్యాంకులో నిల్వ 24 సాయంత్రానికే ఉండేలా చూసుకోండి. ఆటో డెబిట్ తిరిగొస్తే బ్యాంకు విధించే రుసుము, ఆ ఒకట్రెండు రోజుల్లో ఎన్‌ఏవీలో వచ్చే తేడా కంటే ఎక్కువే ఉంటుంది. ఆపొద్దు.